స్లిప్పు మీద పేరు

ఆదోనిలో మా నాయన్ను
గూర్ఖా అనే పిలుస్తారు.
ఇరవై ఏండ్లుగా రాత్రంతా ఈల వేసి
ఒకటో తేదీ ఇంటికింత అని అడిగే మనిషికి
ఇంకో పేరు ఎవరు వెదుకుతారు?

ఓట్ల ముందు రాత్రి
మా సందులో కవర్లు పంచుతారు.
అమ్మ పోయిన ఏడు జాబితాలో గీత కొట్టినారు గదా,
అప్పట్నుంచి టార్చిలైటు మా గడప దాకా వచ్చి
పక్కింటికి తిరిగిపోయేది.
నాయన చూసీ చూడనట్టు
లాఠీకి నూనె పట్టించుకునేవాడు.

ఈసారి తలుపు కొట్టినారు.
నాకు పద్దెనిమిది నిండినాయి.

"నా ఓటేమన్నా యార్డులో పత్తి మూటనా,
రేటు కట్టేదానికి?"
కవరు వెనక్కి తోసినాను.
నాయన మొకం మాడిపోయింది.
"ఇన్నాళ్లకు లెక్కలోకొచ్చినాం, కాదంటావేమే!"
రాజు పటానికి మొక్కి
బడిలో కూర్చున్న పిల్లోడు ఆయన.
అడిగేది తెలీదు.
నాకేమో ఊరకుండేది తెలీదు.

పొద్దున స్లిప్పులో
తండ్రి: టీకా బహద్దూర్.
టేక్ అని ఉండాల, దిద్దిస్తానన్నా.
వద్దులే అని
తెలుగు చదవరాని వేలితో
ఆ వరుసంతా నిమిరినాడు.

బూతు గేటు దాకా వచ్చి
బయటే నిలబడినాడు.
గేటు బయట నిలబడేది
ఆయనకు కొత్త కాదు.

రాత్రి పహారాకు పోతా పోతా
నా వేలి మీద టార్చి వేసి
సిరా చుక్కను చానాసేపు చూసినాడు.
ఎవరికేసినావని అడగలేదు.
ఆ కవరు ఏమైందని
నేనూ అడగలేదు.