సున్నానికి చొక్కా

పాతపోస్టాఫీసు సందులో
నా మిషను కింద గుడ్డముక్కల్లో పడుకునే కుక్క పేరు సున్నం.
గజ్జి పట్టిందని పశువుల డాక్టరు
ఉగాది వెళ్ళిన వారానికి
దాని వీపు మీద బొచ్చంతా గొరిగి పంపేడు.
తెల్లబొచ్చు కింద ఏముంటుందో నాకప్పటిదాకా తెలీదు.
కోసిన జామపండు లోపలి రంగు.

మూడో రోజు నిమరబోతే
నా చెయ్యి కిందనుంచి జారిపోయింది.
కరవలేదు, అరవలేదు.
కొలత తప్పిన జాకెట్టు తొడుక్కున్న మనిషిలా
భుజాలు ముడుచుకుని పక్కకెళ్ళింది.
అప్పుడు చూశాను, వీపంతా కందిపోయి,
ముక్కు మీద పొలుసు లేచి.

ఎదురింటి గుంట దమయంతి
వాళ్ళక్క క్రీము డబ్బా పట్టుకొచ్చింది.
"ఎండ తగలనివ్వదంట పిన్నీ, రాసీమంటావా?"
"ఒద్దే, నాకీస్తాది. కడుపులోకెళ్తే విషం.
డాక్టరు మరీమరీ సెప్పేడు."
ఆ పిల్ల తన ముక్కుకే కాస్త రాసుకుని
మూత పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఇక నాకు వచ్చిన పని ఒకటే.
టేపు తీసి మెడ చుట్టూ పెట్టాను. టేపు కొరికింది.
పుస్తకంలో, అప్పలకొండమ్మ గారి జాకెట్టుకీ
కాన్వెంటు పిల్లాడి నిక్కరుకీ మధ్య రాసుకున్నాను:
సున్నం. ఛాతీ ఇరవయ్యారు. వీపు పంతొమ్మిది.
చేతులు రెండే, నాలుగు కాదు.
అడ్వాన్సు లేదు.

మొదటిది గొడుగు గుడ్డతో కుట్టి తప్పుచేశాను.
నలుపు. అరగంటలో నాలిక వేలాడేసింది.
రెండోది మా ఆయన పాత లుంగీ,
ఉతికి ఉతికి ఉల్లిపొరయితే రెండు మడతలేసి కుట్టాను.
బొత్తాలైతే పొట్ట కింద ఒత్తుకుంటాయని
నాడా పెట్టాను.

సందంతా నవ్వింది.
కురుపాం మార్కెట్ నుంచి నిమ్మకాయలు మోసుకొస్తున్న గురువులు
బస్తా దింపి మరీ నవ్వేడు.
"పెళ్ళికొడుకు ఎటెల్తన్నాడు?"
సున్నం ఎటూ వెళ్ళలేదు. అక్కడే నిలబడి
లుంగీ వాసన చూసుకుంది, చాలాసేపు.

చొక్కా సరే. ముక్కుకి ఏం కుట్టను?
చెవి అంచుకి ఏ లైనింగు వెయ్యను?
మాది పడమటి గుమ్మం. రెండు దాటితే
ఎండ మెట్లెక్కి, గడప దాటి
బేరానికొచ్చినట్టు లోపలికొచ్చేస్తుంది.
సముద్రం ఇంత దగ్గరుండీ
ఆ వేళకి ఉక్కే గాని గాలుండదు.

ఉన్న నీడ ఒక్కరికి సరిపోతుంది.
మిషను జానెడు ముందుకి జరిపాను.
మర్నాడు మూరెడు.

ఇప్పుడు నా వెనక, గోడవారన, చల్లటి గచ్చు మీద అది.
ఎండలో నా ఎడం మోచెయ్యి.
"అదేటమ్మా, బయటికొచ్చి కూకున్నావు?"
అప్పలకొండమ్మ గారు.
"లోపల సూదిబెజ్జం కనబడ్డం లేదండీ" అన్నాను.
నా కళ్ళు బానే ఉన్నాయి.

హార్బరులో ఏదో ఓడ కూత పెట్టింది.
సున్నం నిద్దట్లోనే కాళ్ళాడించింది,
ఎక్కడికో పరిగెడుతూ.
నాడా ఊడింది. మళ్ళీ కట్టాలి,
లేచేక.