నల్లకోటు, ఎడమ భుజం

మిట్టూరు సందులో నాది మూడో ఇల్లు.
గడప దాటితే కుట్టుమిషను,
దాని పక్కన కొత్త ఓవర్‌లాక్ మిషను,
దాని మీద నలభైవేల అప్పు.
పద్నాలుగు కంతులు కట్టినాను.
పదైదోది కట్టలేదు.
బిడ్డకు డెంగీ జొరం,
ప్లేట్‌లెట్ల లెక్కలో పడి
ఫైనాన్సు లెక్క మర్చిపోతి.

వాళ్ళు మర్చిపోలా.

ఆరుంబావుకు, పాలపాకెట్టు కంటే ముందొచ్చినారు.
ఒకడు కటింగు బల్ల మీద కూర్చున్నాడు.
ఇంకొకడు బండి దిగకుండానే హారను కొడతా
సందు సందంతా లేపినాడు.
"డబ్బు కండ్లజూసేదాకా లెయ్యం."
బల్ల మీద పరిచింది పెండ్లికూతురి జాకెట్టు గుడ్డ.
వాడు లేచినాక చూస్తే
ముడత, చెమట మరక.
పెండ్లివాళ్ళకు ఏమని చెప్పేది?

రాత్రి తొమ్మిదికి ఫోన్లు.
నాకు కాదు,
నా ఫోనులో ఉండే వాళ్ళకంతా.
బిడ్డ టీచరుకు. గ్యాసు బండి మునస్వామికి.
ఇరవయ్యేండ్లుగా పలకరించని మా వదిన రెడ్డెమ్మకు.
ఆమె ఎంత ప్రేమగా ఫోను చేసిందో ఆ రాత్రి,
"ఏమ్మే మొగిలీశ్వరీ, అంత కష్టమా?" అని.
ఆ తీపి ఇంకా నా గొంతు దిగలా.

ఎముక విరిగితే పుత్తూరు బస్సెక్కుతాం.
ఆకుపసరు, గుడ్డ, వెదురుబద్ద.
ఇన్ని దినాలని చెప్తారు, అతుక్కుంటుంది.
పరువు విరిగితే ఏ ఊరి బస్సు?

నాకు తెలీదు. వాడికీ తెలీదు,
నా పేర్ల పట్టికలో కిందికి కిందికి దిగి
"నల్లకోటు, ఎడమ భుజం" అనే నంబరు నొక్కినోడికి.

ఆమె పేరు నేను రాసుకోలా. పని రాసుకున్నా.
కోర్టు కోటు, ఎడమ భుజం పిగిలింది,
మంగళవారం ఇయ్యాల.
తొమ్మిదిన్నరకు ఆమె ఫోనెత్తి
వాడు తిట్టేదంతా తిట్టనిచ్చి
నిదానంగా అడిగిందంట:
నీ పేరేంది నాయనా?
గుర్తింపు కార్డుండాదా?
వసూలుకు నిన్ను పంపినట్టు కంపెనీ కాగితం?
పొద్దున ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు దాటినాక
అప్పు కోసం ఫోను చెయ్యగూడదంది రిజర్వు బ్యాంకు,
నీకెవరూ చెప్పలేదా?
అప్పు ఆమెది. నా నంబరు నీకెట్లొచ్చింది?

ఫోను కట్.

మర్నాడు కోటు కోసం వచ్చి
నా స్టూలు మీదనే కూర్చుని ఫిర్యాదు రాసింది.
తేదీలడిగింది, టైములడిగింది.
కొలతల పుస్తకం తీసిస్తి.
ఏది జరిగినా అందులోనే రాసే అలవాటు నాది:
చేతి పొడవు తొమ్మిది, నడుము ముప్పైరెండు,
పొద్దున ఆరుంబావు, ఇద్దరు, ఒక బండి.
చదివి నవ్వింది, "ఇంకేం సాక్ష్యం కావాల?" అని.
మొదట కంపెనీకి. నెలలోపల బదులు రాకుంటే
అంబుడ్స్‌మన్‌కు. బెదిరించినందుకు పోలీసు స్టేషను వేరే.
ఆ అంబుడ్స్‌మన్ మాట నాకు నోరు తిరగలా.
కాగితం మీద మాత్రం బాగుండాది.

"అప్పు నాదేనక్కా, ఎగ్గొట్టను" అంటి.
"ఎవరు ఎగ్గొట్టమన్నారు?
కొండమీద సామే ఇంకా కుబేరుడికి కడతా ఉండాడు.
సుప్రభాతానికి ముందే వచ్చి
ఆయన తలుపు ఎవరైనా బాదినారా?"

కుట్టుకూలి అరవై. వద్దంటే
బల్ల మీద పెట్టి పోయింది.

ఇరవైమూడో రోజు, పగలు పదకొండుకు,
మెడలో కార్డేసుకోని ఒక పిల్లోడొచ్చినాడు.
హారను కొట్టినోడే.
గడప బయటే నిలబడినాడు, గొంతు చిన్నది చేసుకోని.
కంతు ఇస్తి. రసీదడిగితి. ఇచ్చినాడు.
వాడి చొక్కాకు మూడో గుండీ
ఒంటిదారంతో వేలాడతా ఉండాది.
"ఇట్లరా" అంటి. చొక్కా ఇప్పకుండానే కుడితి.
సూది వాడి గుండె దగ్గరున్నంతసేపు
ఊపిరి బిగబట్టినాడు.
పది రూపాయలు.
జేబులు తడుముకోని,
"చిల్లర లేదక్కా, బాకీ పెట్టుకో" అన్నాడు.

పెట్టుకుంటి.
పుస్తకంలో రాసుకుంటి: గుండీ, పది.
"భయపడొద్దులే అబ్బోడా,
ఎనిమిదికి ముందు ఫోను చెయ్యను."