బ కింద దబ్బనం

మిర్చి యార్డులో నా పని బస్తాల మూతులు కుట్టడం.
దబ్బనం, పురికొస,
మోకాలి కింద అణిచిపెట్టిన గోనె.
పన్నెండేళ్లు.
ఘాటుకి అందరూ దగ్గుతారు, తుమ్ముతారు.
దగ్గుకీ తుమ్ముకీ నత్తి ఉండదు గనక
అక్కడ నేనూ అందరిలాంటివాణ్ణే.

మాట దగ్గరే వస్తుంది చిక్కు.
ముఖ్యంగా బ.
దాని కింద దబ్బనం గుచ్చితే భ.
ఆ రెండూ నా పెదాలకి గొళ్లెం వేస్తాయి.
లోపల్నుంచి మాట తలుపు బాదుతూనే ఉంటుంది.

బ్రాడీపేట పోవాలి.
ఆటోవాడు ఎక్కడికంటే
లాడ్జి సెంటరంటాను,
దిగి, మిగతాది ఎండలో నడుస్తాను.
బజ్జీల బండి దగ్గర నిలబడి
గారెలు తిన్నాను, ఎన్ని సాయంత్రాలో.
చివరికి పేరు కూడా.
మా అమ్మ బర్నబా అని పెట్టుకుంది,
ఆదరణ అని దానికి అర్థం చెప్పేది.
యార్డులో చేరినరోజు గుమస్తా పేరేంటన్నాడు.
పెదాలు అతుక్కున్నాయి, వెనక వరస కదులుతోంది,
రాజు అన్నాను.
అప్పట్నుంచి ఎవరో రాజు
నా కూలి తీసుకుంటున్నాడు.

జనం మంచివాళ్లే. అదే బాధ.
నేను మొదలెట్టిన మాట వాళ్లు పూర్తిచేస్తారు.
బియ్యమా? బస్సా? బాకీనా?
ఏదో ఒకదానికి తలూపుతాను.

శుక్రవారం రాత్రి సలోమమ్మగారు వచ్చారు,
ఆపరేషనైన కంటికి నల్లద్దాలు.
"ఆదివారం పాఠం నువ్వు చదవాలయ్యా,
నాకు అక్షరాలు ఈదుతున్నాయి."
చీటీ మీద వచనం సంఖ్య రాసిచ్చారు.
తీసి చూద్దును గదా,
మొదటి మాటే
భయపడకుము.

దేవుడికి హాస్యం తెలుసని అప్పుడు తెలిసింది.
ఇంకే మాటా దొరకలేదా ప్రభువా,
శాంతి ఉంది, లెమ్ము ఉంది,
నల్లేరు మీద బండిలా నా నోట సాగేవి
నీ దగ్గర ఎన్ని లేవు!

రెండు రాత్రులు నిద్ర లేదు.
జ్వరం రావాలని ప్రార్థించాను. రాలేదు.
కానీ ఆ ప్రార్థనంతా
ఒక్క తడబాటు లేకుండా చేశానని
తెల్లవారుజామున, సంగడిగుంటలో పాలబండ్ల చప్పుడు మధ్య
గుర్తొచ్చింది.

ఆదివారం.
ఫ్యాను గాలికి పేజీ లేస్తుంటే వేలితో అదిమాను.
చెమటకి కాగితం మెత్తబడింది.
భ అనబోయాను. రాలేదు.
మళ్లీ. రాలేదు.
పిల్లల వరసలో ఎవరో కిసుక్కుమన్నారు, ఎవరో గిల్లారు.
ఇప్పుడు అందిస్తారులే ఎవరో ఒకరు, అనుకున్నాను,
సండేస్కూలు పిల్లలకి కూడా కంఠతా వచ్చిన మాట.
ఎవరూ అందించలేదు.
సలోమమ్మగారు నల్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.
అయ్యగారు గడియారం చూడలేదు.
అంత నిశ్శబ్దం నా కోసం
ఎవరూ ఎప్పుడూ ఖర్చుపెట్టలేదు.

అందులో ఆయన ఉన్నాడు.
మెరుపులా కాదు, స్వరంలా కాదు.
కాటా ముల్లు నిలబడేదాకా
తూకం వేసేవాడు చెయ్యి తీసి ఆగుతాడే,
అలా.

భ, భ, భ,
దబ్బనం గోనెలో దిగినట్టు దిగుతూ లేస్తూ
య దాకా వచ్చింది,
ప దగ్గర మళ్లీ కూలబడింది,
తక్కింది తనంతట తానే దొర్లింది.
భయం ముక్కలు ముక్కలుగా నాలోంచి బయటికి రావడం
నా చెవులతో నేనే విన్నాను.
రెండు నిమిషాల పాఠం, పదకొండు నిమిషాలు పట్టింది.

నత్తి పోలేదు.
వచ్చేవారం సాక్ష్యం చెప్పమన్నారు.
చెబుతాను గానీ భోజనాలు వండుకు రండి, అన్నాను.
అది అనడానికి కూడా కాసేపు పట్టింది.
నవ్వారు. నేనూ.

సోమవారం కూలిపట్టీ దగ్గర కొత్త గుమస్తా.
పేరు?
వెనక వరస కదిలింది.
నాలుక చివర రాజు సిద్ధంగా ఉన్నాడు, నున్నగా, తేలిగ్గా.
వాణ్ణి పక్కకి జరగమన్నాను.
బ
బ
కలం గాలిలో ఆగింది.
ఆగనీ.