మూడు చాళ్ళు

ఖొన్ కెన్‌లో వాన.
ఫార్మలిన్ కళ్ళను కుట్టకముందే
బల్ల ముందు చేతులు జోడిస్తారు పిల్లలు.
ఇక్కడెవరూ శవం అనరు,
'ఆచాన్ యాయ్' అంటారు, పెద్ద గురువుగారు అని.
మా హాల్లో ఆయనకు చివరి రోజుదాకా పేరుండదు.
బల్ల నంబరు పదకొండు.

ఆ రోజు వంతు కాలేయానిది.
కుడి పక్కటెముకల చాటునుంచి
రెండు చేతులా ఎత్తి తెచ్చింది పింపిశా.
నిద్రపోతున్న బిడ్డను పడుకోబెట్టినట్టు
ఉక్కు పళ్ళెంలో దించింది.
కిలో మీద మూడొందల గ్రాములు.

"కత్తి జారినట్టుంది నాకు" అన్నాడు వీరయుత్, మొహం పాలిపోయి.
గుమ్మటంలా నున్నగా ఉండాల్సిన పైభాగంలో
ముందునుంచి వెనక్కి
మూడు చాళ్ళు,
దున్ని వదిలేసిన మడిలాగా.

వేలు పెట్టి చూశాను.
కోత కాదురా అబ్బాయ్.
పైపొర చిరగలేదు,
తానే లోయలోకి దిగి
తానే అవతలి గట్టెక్కింది.
నా గోరు సగం మునిగింది.

బోర్లా తిప్పితే ఇంకో వింత.
పుట్టకముందు బొడ్డుతాడు వెంట
ఈయనకు అన్నం వచ్చిన దారి ఉంటుందే,
దానిమీద సన్నటి మాంసపు వంతెన.
తోక తమ్మెకు వేలాడుతూ ఒక బొడిపె.
స్కానింగులో చూసినవాళ్ళు
గడ్డ అనుకుని ఒక రాత్రి భయపెట్టి ఉండేవాళ్ళు ఆ ఇంటిని.

నా కాగితంలో రెండు గడులు:
సామాన్యం, అసామాన్యం.
ఈ ఏడు ముప్పై ఒక్క కాలేయాలు,
రెండో గడిలో పందొమ్మిది.
అయినా మొదటి గడి పేరు మార్చమని
ఎవరినడగాలి?

ఎందుకొస్తాయి ఈ చాళ్ళు?
బిగుతు దుస్తులన్నారు ఒకప్పుడు,
తర్వాత ఏళ్ళ తరబడి దగ్గు అన్నారు.
ఇప్పుడు, ఊపిరి కింది కండరం ఒత్తుతుంటే
మెత్తనైన చోట ఒదిగిపోయిందంటున్నారు.
దారం పరిచి పొడవు కొలిచాను,
'కారణం' దగ్గర ఖాళీ వదిలాను.

మార్చిలో దహనం.
ఆరామం మెట్లమీద పేర్లు చదివారు.
పదకొండు: ఖంపున్ సీహరాత్, డెబ్భై ఆరేళ్ళు,
ఖేన్ వాయించేవాడు.
వెదురు గొట్టాల ఆ వాద్యానికి
ఊపిరి పీల్చినా పాటే, వదిలినా పాటే.
"తెల్లవార్లూ వాయించి
పక్కలు పట్టుకుని నవ్వేవాడు" అంది కూతురు.

దొరికింది! పరుగెత్తాను
ప్రొఫెసర్ నరుమోన్ దగ్గరికి.
ఆవిడ తాపీగా గొడుగు ముడిచి,
"పన్నెండో బల్ల మీదావిడకు నాలుగు చాళ్ళు.
ముప్పై ఏళ్ళు బ్యాంకు కౌంటరు వెనక కూర్చుంది.
గట్టిగా మాట్లాడినట్టు కూడా ఎవరికీ గుర్తులేదట" అంది.

తిరిగొస్తుంటే కూతురు చెయ్యి పట్టుకుంది.
"లోపల ఎలా ఉన్నాడు మా నాన్న?"
పాఠాలన్నీ మర్చిపోయాను.
"పుస్తకంలో బొమ్మలా లేడమ్మా" అన్నాను.
"బయటా అంతే" అని
కళ్ళు తుడుచుకుంటూనే పకపకా నవ్వింది.

సాయంత్రం కాగితం తీసి
ఆ ఖాళీలో 'తెలియదు' అని రాశాను.
సిరా ఆరేదాకా
ఊదుతూ కూర్చున్నాను.