రెండెకరాల డెబ్భై సెంట్లు

నెల్లూరు రైసుమిల్లులో ముప్పై ఒక్క ఏడు
కాటా దగ్గర కూర్చున్నవాణ్ణి.
నిండు లారీలోంచి ఖాళీ లారీని తీసేసి
మిగిలింది రాయడం ఒక్కటే నాకొచ్చిన విద్య.
అందుకే నేల చూడబోతూ కూడా
నోటుబుక్కు పట్టుకుపోయాను.

వరికుంటపాడు దాటాక
పామూరు బస్సు మమ్మల్ని దించిన చోట నీడ లేదు.
ఒక కల్వర్టు. దాని మీద మాలకొండయ్య.
"బ్రోకరనుకోబాక సార్, మధ్యమనిషిని" అన్నాడు.
"వెన్నముద్ద లాంటి నేల,
చేతికర్ర గుచ్చినా చిగురేస్తాది."

రాశాను: ఎర్ర చెక్క. మూరెడు లోతున సుద్ద.
గట్టున తుమ్మలు రెండు, కుంకుడు ఒకటి.
ఎకరా ధర రాశాను,
కల్వర్టు నుంచి గట్టు దాకా నడిచేలోపు
అతనే తగ్గించిన ధర దాని కింద రాశాను.

బోర్లు మూడు.
మొదటిది మూడొందల అరవై అడుగులు, దుమ్ము.
రెండోది ఐదొందలు, దుమ్మే, కాకపోతే తెల్లది.
అరచేతిలో టెంకాయ నిక్కి నిలబడ్డ చోట
ఆరొందల ఇరవైకి ఇంచిన్నర నీళ్లు.
"మరి ఎండాకాలం?"
"ఎండాకాలం ఎవరికుంటయి సార్!"

త్రీఫేజు కరెంటు ఒక వారం పగలు, ఒక వారం రాత్రి.
శనక్కాయ వేస్తే పందులకి, కంది వేస్తే మబ్బులకి.
పెద్ద రోగమొస్తే ఉదయగిరి, ఇంకా పెద్దదైతే నెల్లూరు,
అంటే మళ్లీ మేం బయల్దేరిన చోటే.
బడిలో పదకొండు మంది.
మాకు పిల్లల్లేరు, అయినా రాశాను.
అడంగల్లో పేరు ఒకరిది, దున్నేది ఇంకొకరు.
సర్వే రాయి ఏదీ అంటే
దాని మీద ఎవరో చీర ఉతుకుతున్నారు.

రవణమ్మ చెప్పులు చేత పట్టుకుని
దుక్కిలో అడ్డంగా నడుస్తోంది.
పిలిచినా పలకలేదు.

పక్క చేలో కందికట్టె ఏరుతున్న ముసలామె
వెంగమ్మంట.
కాళ్లు రెండూ మోకాళ్ల దగ్గర
కొడవళ్లలాగా బయటికి వంగి ఉన్నాయి.
"ఈడ నీళ్లెట్టుంటయి అవ్వా?"
వంగి, చీర కుచ్చెళ్లు కాస్త ఎత్తింది.
"అయ్యి చెప్తుండాయి గదా."
నవ్వింది, పళ్ల మీద బెల్లప్పాకం చారలు.
"నీకెన్నేళ్లు నాయనా?"
"యాభై తొమ్మిది."
వేళ్ల మీద ఏదో లెక్కేసుకుంది.
"ఈ నీళ్లు ఎముక వంచాలంటే
ఇరవయ్యేళ్లన్నా పడతాది. నీకేం భయం!"

మాలకొండయ్య పకపకా నవ్వబోయి
మధ్యలో ఆగిపోయాడు.
ఆ మాట ఏ గడిలో రాయాలో తెలీక
పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాను.

తిరుగు బస్సు గంటన్నర రాలేదు.
వెనక ఉదయగిరి కొండ
పొద్దు దిగేకొద్దీ నల్లబడుతోంది.
రవణమ్మ ఒళ్లో టేపు చుట్టిన సీసా,
ఫ్లోరిన్ పరీక్షకి పట్టిన బోరు నీళ్లు.
చాలాసేపటికి అంది:
"తూరుపు గట్టు కాడ గాలి బావుంది.
పొద్దున పూట ఆ కుంకుడు నీడ
ఎందాకా పడతాదో అడిగావా?"
అడగలేదు.

ఇంటికొచ్చి లెక్క చూశాను.
నిండులోంచి ఖాళీ తీసేశాను. వద్దు అని వచ్చింది.
బోరు ఖర్చు పక్కన పెట్టి చూశాను.
వద్దు. కొంచెం మెల్లగా వద్దు.

సోమవారం ల్యాబుకి పోదామని చూస్తే
కిటికీలో సీసా సగమే ఉంది.
టేపు ఒలిచి ఉంది,
కనకాంబరం కుండీలో మన్ను తడిగా ఉంది.
"నీ ల్యాబు చెప్పేది అది చెప్పుద్ది,
ముందు దీన్ని చెప్పనీ" అంది
బియ్యంలో రాళ్లు ఏరుతూ, తలెత్తకుండా.

సగం సీసా తీసుకోరని తెలుసు.
మళ్లీ పోయి పట్టుకు రావాల్సిందే.
నోటుబుక్కు తెరిచి
కూడిక గీత కిందే, చోటు చాలక అంచున రాశాను:
కుంకుడు నీడ - పొద్దున్నే పోయి చూడాలి.
మొదటి బస్సు నాలుగున్నరకి.