మోత్, హాయ్, బా

గిన్నె ఎత్తి చూపించి
"చావ్" అనింది ఆ ముసలామె.

భాష తెలీని ఊర్లో
కాలు విరిగి మంచాన పడుండే మనిషికి
మొదటి దినం వినిపించిన మొదటి మాట.
చిత్తూరు చెవులు నావి, ఇంకేం అర్థమవతాది?
గోడ పక్కకి తిరిగి పడుకున్నా.
ఆమె చెంచా నోటి కాడికే తెచ్చి
మళ్లా, మెల్లింగా, "చావ్".
పల్చగా, వేడిగా, అల్లం వాసనతో
బియ్యం జావ.

మామిడి గుజ్జు తీసే కొత్త మిషను చూసి రమ్మని
మురకంబట్టు ఫ్యాక్టరీ వాళ్లు నన్ను వియత్నాం పంపిస్తే
మిషను మొగం చూడకముందే
పడవ ఎక్కే పలక మీద జారినా.
చీలమండ రెండు చోట్ల.
లోపల ఏడు స్క్రూలు ఏసినారు.
ముప్పై ఏండ్లుగా మిషన్లకు నేను బిగించే రకమే,
ఎక్స్‌రేలో చూసి సైజు చెప్పేసినా.

పక్క మంచంలో ఆమె కొడుకు, తుంటి విరిగినోడు.
వానికొక చెంచా, నాకొక చెంచా.
వాడు అలిగేవాడు.
మునిరత్నం అనే నా పేర్లో
ముని మాత్రం ఆమెకు పట్టింది,
రత్నం ప్రతిసారీ జారిపొయ్యేది.

పదో దినం లేపి నిలబెట్టింది.
నా చంక ఎత్తు కూడా లేదు, భుజం ఇచ్చింది.
"మోత్." ఒకటి.
"హాయ్." రెండు.
"బా." మూడు.
అంతే. మళ్లా మంచం.

ఇప్పుడు గిరింపేట. మా ఇంటి వరండా. జూన్ నెల.
తోతాపురి ట్రాక్టర్లు రాత్రంతా వరసగా పోతా ఉండాయి
నేను లేని ఫ్యాక్టరీకి.
కట్టు ఇప్పినాక చూసుకుంటే కాలు నాది కాదు,
నానబెట్టి మర్చిపోయిన అనపగింజ మాదిరి
పాలిపోయి, ముడతలు పడి.
"పుత్తూరుకు పోయి కట్టించుకో బావా" అంటాడు మా బామ్మర్ది.
లోపల ఏడు స్క్రూలుండాయి రా అంటే
"అయినా..." అంటాడు.

ఫిజియో పిల్ల షమీమ్ పదింటికి వొస్తాది.
"లెక్కపెట్టుకుంటా నడువన్నా" అనింది.
ఒకటి అందామనే నోరు తెరిచినా.
"మోత్."
ఆ పిల్ల ఉలిక్కిపడింది.
"పొద్దున్నే మౌత్ అంటావేందన్నా!"
వాళ్లింటి మాటలో చావది.
నవ్వాపుకోలేక గోడ పట్టుకున్నా.
ఈ కాలికి ఎన్నిసార్లు చావు తప్పింది!

షమీమ్‌కు ఎట్ల చెప్పేది?
మొదటి అడుగు మోతే.
డెబ్బై రెండు కిలోల మునిరత్నాన్ని
ఒక్క చీలమండ మీద మోసే మోత.
రెండోది హాయి అందామంటే అబద్ధం.
మూడు వారాలైనాక, ఒక మంగళవారం, కొంచెం.

బా అంటే మూడు.
గొంతు కాస్త దించి అంటే అవ్వ అని కూడానంట,
ఆడ నర్సు సైగలతో చెప్పింది.
మా పలమనేరు సంతలో, కన్నడమోళ్ల నోట,
బా అంటే
రా.

ఆమె ఫోను నెంబరు రాసిన కాగితం
పోకుండా ఉండాలని కట్టులోనే దోపుకున్నా.
కట్టుతో పాటు కోసి పారేసినారు.
కొడుకు లేచి నడిచినాడో లేదో.
ఎవురి చెంచా ఇప్పుడు ఎవురి నోటి కాడ ఉండాదో.

మూడు దాకానే నేర్పింది నాకు.
వరండా నుంచి గేటు పందొమ్మిది అడుగులు.
ఈ పొద్దు కర్ర మా కస్తూరి చేతికిచ్చి
మూళ్లు మూళ్లుగా నడిచినా,
ఆరుసార్లు రా అనిపించుకున్నా.
ఒక అడుగు మిగిలింది.
మోత్.
గేటు కమ్మీ పట్టుకుని నిలబడితే
ట్రాక్టరోడు బ్రేకేసి "మేస్త్రీ, ఎప్పుడొస్తావు?" అని అరిచినాడు.

గేటవతల అడుగు హాయ్.
రేపు చూద్దాం.