అడ్డం తిరిగే విద్య

ఒటారు రేవులో డిసెంబరు రాగానే
రోడ్డుకి అంచు ఉండదు.
కాలిబాటా, వీధీ, మెట్లూ
ఒకే తెల్ల దుప్పటి కింద పడుకుంటాయి.
చప్పుడు కూడా మంచులో కూరుకుపోతుంది.
చూపు లేనివాళ్ళు ఇక్కడ
చలికాలంలో రెండోసారి చూపు పోగొట్టుకుంటారు.
అందుకే అసలు పరీక్ష మంచులోనే.

ముగి అంటే బార్లీ. ఆ రంగే దానిది.
ఏడాది నిండేవరకూ చేపల దుకాణం వాళ్ళింట్లో పెరిగింది.
నా దగ్గరికి వచ్చిన రోజు
దాని మెడ మడతల్లో ఇంకా ఎండుచేప వాసన.
ఆ ఇంటి చిన్నపిల్ల కారు అద్దం వెనక ఏడుస్తుంటే
చూడనట్టు నటించాను.
ఈ పనిలో అదీ ఒక నైపుణ్యమే.

ఆజ్ఞలు ఇంగ్లీషులో.
జపాను మాటల్లో అయితే అమ్మమ్మ ఒకలా అంటుంది,
పడవలవాడు ఇంకోలా కసురుతాడు.
కుక్కకి యాసల గొడవెందుకు?
గో. వెయిట్. స్ట్రెయిట్. గుడ్.
నాలుగు మాటలతో ఊరంతా నడిచెయ్యొచ్చు.

గట్టు దగ్గర ఆగడం వారంలో వచ్చింది.
తన ఒళ్ళు దూరే సందులో
నా భుజం దూరదని తెలియడానికి నెల పట్టింది.
ఎన్ని స్తంభాలు తగిలాయో!
తగిలిన ప్రతిసారీ వెనక్కెళ్ళి, మళ్ళీ.
వేయించిన బంగాళాదుంప ముక్క దారిలో పడి ఉంటే
దాన్ని దాటి పోవడానికి ఇంకో నెల. నవ్వకండి,
అది మనకీ రాదు.

చివరి పాఠం మాత్రం నేర్పగలిగేది కాదు.
ఆర్నెల్లు చెప్పిన మాట వినడం నేర్పినదానికి
ఒక్కరోజు వినకు అని ఎలా చెప్పడం?
ఏ మాటతో?

జనవరి. కళ్ళకి గంతలు కట్టుకున్నాను.
పట్టీ పిడి నా ఎడమ చేతిలో.
కొండ వాలున స్నానశాల దాటి, మలుపు.
గో, అన్నాను. కదల్లేదు.
గో.
మూడోసారి నా గొంతులో విసుగు.
పొద్దున్న ఫోన్లో మా అక్క మీద పుట్టిన విసుగది,
దాని మీద కాదు.
అప్పుడు ముగి అడ్డం తిరిగింది.
మాటవరసకి కాదు, నిజంగానే అడ్డం:
నా మోకాళ్ళకి పక్కటెముకలు ఆనించి
గోడలా నిలబడింది.
వణుకుతోంది. నాకు ఎదురు నిలవడం
దానికి ఎంత భయమో
నా మోకాళ్ళకి తెలుస్తోంది.

వంగి, ముందుకి తడిమాను.
చెయ్యి గాలిలోకి దిగింది.
కింద ఎక్కడో నీళ్ళు.
ఎవరో మంచు పారబోసి
కాలువ మూత వెయ్యడం మరిచారు.

వెంటనే గుడ్ అనాలి, అది నియమం.
గొంతు రాలేదు. మంచులో కూలబడ్డాను.
అది నా గంతల గుడ్డంతా నాకి తడిపేసింది.

ఫిబ్రవరి చివర్లో కువబారా గారు వచ్చారు.
పియానోలు శ్రుతి చేస్తారు. చూపు పోయి మూడేళ్ళు.
పిడి పట్టుకోవడం రెండు రోజుల్లో వచ్చేసింది.
గుడ్ అనడమే రాలేదు.
అన్నా, రసీదు చదివినట్టు అనేవారు.
"మా ఆవిడనే ఎప్పుడూ మెచ్చుకోలేదండీ. అలవాటు లేదు."
టీ పోస్తున్న సుమియే గారు
"నిజమే" అంది, కప్పు నిండేదాకా తల ఎత్తకుండా.
ముగి చదువుకి నెలలున్నాయి. ఆయనకి నాలుగు వారాలే.
పొద్దున్నే వసారాలో ఒక్కరే నిలబడి
గుడ్, గుడ్, అని సాధన చేసేవారు,
తీగ బిగిస్తున్నట్టు, కొంచెం పైకి, ఇంకొంచెం.
ఇరవయ్యో రోజున కుదిరింది.
తోక తన పంట్లాముకి కొట్టుకుంటున్న చప్పుడు విని
ముఖం అటు తిప్పుకున్నారు.

ఆఖరి రోజు నేను రోడ్డుకి అవతల ఉండాలి.
మాట్లాడకూడదు. గాలి నా వైపు నుంచి వీయకూడదు.
గాలి ఎవరి మాట వింటుంది?
సగం దారిలో ముగి ముక్కు పైకి లేచింది.
ఒక అడుగు తడబడింది.
నేను పెదవి మెదపలేదు గానీ
ఒళ్ళంతా రా, రా, అని పిలిచాను.

వినలేదది.

"గుడ్," అన్నారు కువబారా గారు, సరైన శ్రుతిలో.
జేబులో మిగిలిన బిస్కెట్లు
నా పిడికిట్లో పొడైపోయాయి.
మంచు కరుగుతోంది. ఎవరో పార ఈడ్చుకుపోతున్నారు.
కాలువ మూతలు ఒక్కొక్కటీ కాలితో నొక్కి చూసుకుంటూ
స్కూలుకి తిరిగి నడిచాను.